సూర్యుని దుర్బీను – రాత్రి ఆకాశం

(మన సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ సార్ తెలుగులో మాట్లాడతాడేమిటని వెనుక వరసలో కొందరు నవ్వుకుంటున్నారు. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు బడిలోనో, ఇంగ్లీషు బడిలోనో చదువుతున్నారు. ఈ మాటలు రేపు సావనీరులో అచ్చయితే ఇంట్లో కూర్చుని చదవవలసింది వాళ్లే. అందుకని తెలుగే మంచిదనుకున్నాను. మధ్యలో ఉర్దూ మాట దొర్లితే మన్నించండి.

కార్యదర్శి గారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. విద్య గొప్పదని ఏటా ఈ వేదిక మీద వింటూనే ఉన్నాం. ఈసారి నేను ఒక వస్తువు గురించి మనవి చేస్తాను. అది మన సంఘం ఆఫీసు అలమారాలో, కింది అరలో, నల్ల సంచిలో ఉంది. దాని మీద "సోలార్ టెలిస్కోపు" అని చీటీ అంటించి ఉంది. 2022 అక్టోబరు 25 నాటి సాయంత్రపు పాక్షిక సూర్యగ్రహణాన్ని పిల్లలు కళ్లు చెడకుండా చూడాలని ఒక దాత కొనిచ్చిన చిన్న దుర్బీను అది. ఆ సాయంత్రం సూర్యుడు గ్రహణంతోనే అస్తమించాడు. మర్నాడు దుర్బీను అలమారాలోకి పోయింది.

ఈ మధ్య కార్యవర్గంలో ఒక మాట వచ్చింది. గ్రహణాలు ఎప్పుడో గాని రావు, దాన్ని అమ్మేసి ఆ పైసలు ఫీజుల నిధిలో కలుపుదామని. ఆ మాట అన్నవారి మీద నాకు కోపం లేదు. ఫీజు కట్టలేక ఇంటర్ మానేసే పిల్లలు మన మధ్యనే ఉన్నారు. కాని అమ్మే ముందు ఆ వస్తువు ఏం పని చేయగలదో సభ్యులందరికీ తెలియాలి కదా. కార్యవర్గం అనుమతితో గత రెండు చలికాలాలు కొన్ని రాత్రులు దానితో మా డాబా మీద తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత ఫోటోలు తీయించాను. ఆ అనుభవమే ఇవాళ నా ప్రసంగం.

మొదట ఒక ప్రశ్న. సూర్యుణ్ణి చూడటానికి చేసిన దుర్బీను రాత్రి పనికొస్తుందా? జవాబు ఏమిటంటే, ఏ రకం సౌర దుర్బీను అన్నదాన్ని బట్టి ఉంటుంది. దుర్బీనులో ముందుండే గాజు కటకానికి పగలూ రాత్రీ తేడా లేదు. వచ్చిన వెలుగును ఒకచోట చేర్చడమే దాని పని. దాన్ని సూర్యుని దుర్బీనుగా చేసేది ఫిల్టరు. ఆ ఫిల్టరు ఎక్కడ ఉంది, ఊడుతుందా ఊడదా అన్నదే అసలు సంగతి.

ఒక రకంలో ఫిల్టరు గొట్టం మూతికి టోపీలాగా తొడిగి ఉంటుంది. వెండి రంగు పల్చని ఫిలిం గాని, పూత పూసిన గాజు గాని ఉంటుంది. లక్ష పాళ్ల వెలుగులో ఒక్క పాలు మాత్రమే లోపలికి పోనిస్తుంది. ఆ టోపీ తీసేస్తే మిగిలేది మామూలు దుర్బీనే. మన సంఘం దగ్గరున్నది ఈ రకమే. కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 420 మిల్లీమీటర్లు.

రెండో రకంలో ఫిల్టరు ఊడరాకుండా బిగించి ఉంటుంది. పిల్లల చేతికి ఇవ్వడానికి అదే క్షేమమని తయారు చేసినవాళ్లే అట్లా బిగించారు. దాన్ని స్క్రూడ్రైవరుతో పెకలించడం తెలివి అనిపించుకోదు. దానితో రాత్రి నక్షత్రాలు చూడాలన్న ఆశ వదులుకోవాలి.

మూడో రకం ఖరీదైనది. అది సూర్యుని వెలుగంతటిలోనూ ఒక్క ఎరుపు గీతను, 656.3 నానోమీటర్ల దగ్గర ఉదజని వెలిగే రంగును, మాత్రమే చూపిస్తుంది. సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలలు అందులో కనబడతాయి. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. రాత్రి ఓరియన్ నక్షత్ర మండలంలో కనిపించే పెద్ద వాయు మేఘం కూడా ఉదజనిదే. అది కూడా ఈ ఎరుపులోనే వెలుగుతుంది. మరి ఆ దుర్బీనును దాని వైపు తిప్పితే సరిపోదా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. కాని సూర్యుని కోసం చేసిన ఆ ఫిల్టరు పోనిచ్చే వెలుగు ఒక నానోమీటరులో పదో వంతు కూడా ఉండదు. మిగతా అద్దాలు కూడా వెలుగును బాగా కోసేస్తాయి. సూర్యుడికి అది చాలు, వెయ్యి కాంతి సంవత్సరాల అవతల ఉన్న మేఘానికి చాలదు. ఈ రకంలో కొన్నిటికి ఫిల్టరు భాగాలు రెండూ విడిగా తీసే ఏర్పాటు ఉంటుంది. వాటిని తీస్తే అవి కూడా రాత్రికి పనికొస్తాయి. ఏర్పాటు లేనివాటి జోలికి పోకూడదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. తల్లిదండ్రులు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా నాకు సంతోషమే. రాత్రి టోపీ తీసిన దుర్బీనును తెల్లవారి ఎవరైనా పిల్లవాడు ఆటగా సూర్యుని వైపు తిప్పి కన్ను పెడితే, రెప్ప వేసేలోగా కన్ను పోతుంది. కంటి వెనుక పొరకు నొప్పి తెలియదు. కాలుతున్నా మంట పుట్టదు. కాబట్టి పిల్లవాడు అరవడు, చెయ్యి అడ్డం పెట్టుకోడు. చూపు మసకబారాక గాని తెలియదు. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

దీనికి మేము ఒక నియమం పెట్టుకున్నాం. గడియారం అక్కరలేదు, మసీదు మైకు చాలు. మగ్రిబ్ అజాన్ వినబడేదాకా టోపీ తీయరాదు. తీసినవాళ్లే, ఫజర్ అజాన్ రాకముందే, టోపీ పెట్టి సంచిలో వేసి తాళం వేయాలి. ఆ తాళం పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. మళ్లీ పగలు సూర్యుణ్ణి చూడవలసి వస్తే, ఫిలింను ముందు బల్బుకు ఎదురుగా పట్టి చూడాలి. సూదిమొన అంత చిల్లు కనబడినా దాన్ని పారేసి కొత్తది తెప్పించాలి. పక్కన చిన్న గురి దుర్బీను ఉంటే దానికి కూడా మూత ఉండాలి. ఈ నియమం ఒప్పుకోని వాళ్లకు ఈ వస్తువు ఇవ్వకపోవడమే మంచిది.

నమాజు వేళలకూ ఈ పనికీ ఇంకో సంబంధం కూడా ఉంది. మన దేశంలో వాడే చాలా నమాజు పట్టికలు సూర్యుడు దిగంతం కిందికి 18 డిగ్రీలు దిగిన సమయాన్ని ఇషాకు లెక్కగా తీసుకుంటాయి. సంధ్య వెలుగు పూర్తిగా పోయే సమయానికి ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్క కూడా 18 డిగ్రీలే. మన తొర్రూరులో ఇది సూర్యాస్తమయం తరువాత సుమారు గంటా పావుకు వస్తుంది. చంద్రుడు, గ్రహాల ఫోటోలు మగ్రిబ్ తరువాత, నక్షత్రాల ఫోటోలు ఇషా తరువాత. మా టైంటేబులు ఇంతే.

ఏ రాత్రికి ఏది చూడాలో చెప్పడానికి హిజ్రీ క్యాలెండరు గోడకు వేలాడుతూనే ఉంది. నెలలో ఏడు, ఎనిమిది తేదీల్లో సగం చంద్రుడు ఉంటాడు. చంద్రుని ఫోటోకు అదే మంచి అదను. పున్నమి చంద్రుడు చూడటానికి అందంగా ఉంటాడు గాని ఫోటోలో చదునుగా, తెల్లని పళ్లెంలాగా వస్తాడు. సగం చంద్రుని మీద వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు పొడుగ్గా పడతాయి, గుంటలూ కొండలూ లేచి కనబడతాయి. ఉపవాసాలుండే 13, 14, 15 తేదీలు, అంటే అయ్యామె బీజ్, రాత్రంతా వెన్నెలే. అప్పుడు నక్షత్రాల ఫోటోలకు సెలవు. షబె మేరాజ్ వచ్చే 27వ తేదీ మొదలు మళ్లీ కొత్త చంద్రుడు వచ్చేదాకా చీకటి రాత్రులు. నక్షత్రాలకు అవే రాత్రులు.

ఫోటో తీసే పద్ధతి చెబుతాను. ఖరీదైన కెమెరా అక్కరలేదు. మా పిల్లలు ఇంట్లో ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టారు. దుర్బీనును అరగంట ముందే డాబా మీద పెట్టాలి. లోపలి గాలి, బయటి గాలి ఒకే చల్లదనానికి వస్తే బొమ్మ వణకదు. 20 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 21 రెట్లు పెద్దదిగా కనబడుతుంది, చంద్రుడు పూర్తిగా అందులో ఇముడుతాడు. ముందు కంటితో ఫోకస్ చేయాలి. తరువాత ఫోనును చిన్న పట్టీతో ఐపీస్‌కు బిగించాలి. చేత్తో పట్టుకుంటే కదులుతుంది. తెర మీద చంద్రుణ్ణి వేలితో తాకి, గుంటలు కనబడేదాకా వెలుగు తగ్గించాలి. ఫోటో మీట నొక్కినప్పుడు కలిగే అదురు పోయేందుకు మూడు సెకన్ల టైమరు పెట్టాలి. పది ఫోటోలు తీస్తే ఒకటి మంచిది వస్తుంది.

ఒక జాగ్రత్త. కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి తమంతట తామే బొమ్మకు మెరుగులు దిద్దుతాయి. మన దుర్బీను చూడని గుంటలు కూడా అందులోకి వస్తాయి. అది అబద్ధపు ఫోటో. అట్లాంటి సదుపాయాన్ని ఆపేసి, వెలుగూ వేగమూ మనమే నిర్ణయించే పద్ధతిలో తీయాలి. పిల్లలకు నేను మొదట చెప్పే పాఠం ఇదే. బొమ్మ మసకగా ఉన్నా ఫరవాలేదు, నిజం కావాలి.

ఎనిమిదో తేదీ రాత్రి తీసిన ఒక ఫోటోను చంద్రుని పటంతో పక్కపక్కన పెట్టి పేర్లు వెతుకుతున్నాం. చంద్రుని నడుమ ఒక పెద్ద గుంట ఉంది. పటంలో దాని పేరు ఆల్బతేగ్నియస్. తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ పేరును రెండుసార్లు పైకి చదివి, "సార్, ఇది అల్-బత్తానీ గదా" అన్నది. అవును, అల్-బత్తానీయే. వెయ్యిన్నూరేళ్ల కింద రఖ్ఖాలో కూర్చుని సంవత్సరం పొడవును లెక్క కట్టిన మహానుభావుడు. లాటిను వాళ్ల నోట్లో ఆయన పేరు అట్లా అయ్యింది. ఆ గుంట వెడల్పు సుమారు 130 కిలోమీటర్లు. మన 60 మిల్లీమీటర్ల కటకం చంద్రుని మీద నాలుగు కిలోమీటర్ల వివరం దాకా విడదీయగలదు. కాబట్టి అది సులభంగా చిక్కుతుంది. ఆ పక్కనే, మరుసటి రాత్రికి వెలుగులోకి వచ్చే ఆర్జాకెల్ గుంట అందలూసియాకు చెందిన అజ్-జర్ఖాలీ పేరు. దక్షిణాన ఉన్న అజోఫీ గుంట అబ్దుర్రహ్మాన్ అస్-సూఫీ పేరు. అంచున ఉన్న అల్హాజెన్ గుంట ఇబ్నుల్ హైథమ్ పేరు. పాఠ్యపుస్తకంలో ఎక్కడా తమ పేర్ల వంటి పేర్లు చూడని పిల్లలు ఆ రాత్రి చంద్రుని మీద చదివారు. దానికి నేను ఉపన్యాసం ఇవ్వవలసిన పని లేకుండా పోయింది.

ఇబ్నుల్ హైథమ్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. సుమారు వెయ్యేళ్ల కింద, చీకటి గదికి చిన్న రంధ్రం పెట్టి, గ్రహణం పట్టిన సూర్యుని బొమ్మ ఎట్లా పడుతుందో ఆయన లెక్కలతో వివరించాడు. సూర్యుణ్ణి నేరుగా చూడకుండా బొమ్మగా చూడటం అంటే అదే. మనం ఉర్దూలో గదిని కమ్రా అంటాం. ఆ మాట పోర్చుగీసు వాళ్ల నుంచి మనకు వచ్చింది. కెమెరా అన్న మాటకు కూడా మూలం ఒకటే, గది. పగటి సూర్యుడికీ రాత్రి ఫోటోకూ చుట్టరికం అప్పటిది.

గ్రహాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చిన్న దుర్బీనుకు అవి అంతగా లొంగవు. గురుగ్రహం చిన్న బిళ్లలాగా వస్తుంది. కాని దాని నాలుగు చంద్రులు చక్కగా పడతాయి. వరసగా నాలుగు రాత్రులు తీస్తే అవి స్థానాలు మారడం పిల్లలే చూస్తారు. శుక్రుడు నెలవంకలాగా అయ్యే రోజుల్లో ఆ వంక కూడా వస్తుంది. శని వలయం ఉందని తెలుస్తుంది గాని గొప్పగా రాదు.

చిన్న దుర్బీను బలం వేరే చోట ఉంది. నాభ్యంతరం తక్కువ కాబట్టి ఆకాశంలో పెద్ద ముక్క ఒకేసారి పడుతుంది. కృత్తికలు దీనికి సరిగ్గా సరిపోతాయి. మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. మనం సురయ్యా అంటాం, ఆడపిల్లలకు పేరు పెట్టుకుంటాం. పెద్ద పెద్ద దుర్బీనుల్లో ఆ గుంపు ఇమడదు, మన చిన్నదానిలో ఇముడుతుంది. దాని వెంటే వచ్చే ఎర్రని చుక్క అల్-దబరాన్. వెంబడించేది అని అర్థం.

నక్షత్రాల ఫోటోలో కష్టం ఒకటే. భూమి తిరుగుతూ ఉంటుంది. నాలుగు నిమిషాలకు ఆకాశం ఒక డిగ్రీ జరుగుతుంది. మన దుర్బీనులో ఒక్క సెకనుకు చుక్క బొమ్మ 0.03 మిల్లీమీటర్లు జరుగుతుంది. చూడటానికి తక్కువే గాని, కెమెరాకు అది చాలు, చుక్క గీత అయిపోతుంది. ధ్రువ నక్షత్రానికి గురిపెట్టి తిరిగే మోటారు స్టాండు ఉంటే ఈ బాధ ఉండదు. మన ఊళ్లో ధ్రువ నక్షత్రం ఉత్తరాన దాదాపు 17½ డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ల కంటే కాస్త తక్కువ. మన దగ్గర మోటారు స్టాండు లేదు. అందుకని పొట్టి ఫోటోలు, ఒక్క సెకనువి, వందలకొద్దీ తీస్తాం. పెళ్లిళ్ల ఫోటోలు తీసే ఒక తమ్ముడు తన డీఎస్ఎల్ఆర్ కెమెరాను ఆదివారం రాత్రులు ఇస్తున్నాడు. దాన్ని ఒక రింగుతో నేరుగా దుర్బీనుకు బిగిస్తాం. తరువాత డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి ఉచిత ప్రోగ్రాములు కంప్యూటరులో ఆ ఫోటోలను చుక్క మీద చుక్క వచ్చేట్టు పేర్చి ఒకటిగా చేస్తాయి. వంద ఫోటోలు కలిపితే మచ్చల గోల పదో వంతుకు తగ్గుతుంది. వందకు వర్గమూలం పది కాబట్టి. వర్గమూలం ఎందుకు నేర్చుకోవాలి సార్ అని అడిగే పిల్లవాడికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇట్లా ఓరియన్ మేఘం వచ్చింది. దాని వెలుగు సుమారు 1,300 సంవత్సరాల కింద బయలుదేరింది. దేవయాని గెలాక్సీ కోడిగుడ్డు ఆకారంలో మసక మచ్చలాగా వచ్చింది. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 964లో అస్-సూఫీ తన స్థిర నక్షత్రాల గ్రంథంలో దాన్ని చిన్న మబ్బు అని రాసిపెట్టాడు. ఆయన కంటితో చూసింది, మన పిల్లలు కెమెరాలో పట్టింది ఒకటే.

అయితే ఇవన్నీ ఎక్కడో బాగ్దాదులో, ఇస్ఫహానులో జరిగిన గొప్పలు, మన ఊరికేమిటి అంటారేమో. మన హైదరాబాదు సంగతి వినండి. 1901లో నవాబు జఫర్ జంగ్ బహదూర్ ఫిసల్‌బండలోని తన జాగాలో నక్షత్రశాల పెట్టారు. 15 అంగుళాల గ్రబ్ దుర్బీనును తెప్పించారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు. నవాబు గారు 1907లో పోయారు. 1908లో అది ప్రభుత్వం చేతికి వచ్చింది, తరువాత బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందింది.

అక్కడ జరిగిన పని ఏమిటంటే రాత్రి ఫోటోలు తీయడమే. 1887లో పారిసులో ప్రపంచ దేశాల శాస్త్రజ్ఞులు కలిసి ఆకాశమంతటినీ ఫోటోలుగా తీయాలని నిర్ణయించారు. ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా విడదీసి నక్షత్రశాలలకు పంచారు. దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట చిలీ దేశపు సాంటియాగోకు ఇచ్చారు. ఆ పట్టీ చివరికి మన హైదరాబాదుకు వచ్చింది. 8 అంగుళాల కుక్ దుర్బీనుతో గాజు పలకల మీద రాత్రికి రాత్రి ఫోటోలు తీశారు. పోకాక్ మొదలుపెట్టించిన పనిని టి.పి. భాస్కరన్ ముందుకు నడిపించారు. లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచి సంపుటాలుగా అచ్చు వేశారు. ప్రపంచ దేశాల ఆ పథకంలో ఆ పట్టీ పుస్తకం హైదరాబాదుదే. తరువాత సంచాలకులైన అక్బర్ అలీ గారి కృషితో 48 అంగుళాల దుర్బీనుకు సన్నాహాలు జరిగాయి. అది 1968లో జపాల్-రంగాపూర్‌లో వెలిసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు అక్కడ సూర్యుణ్ణి పరిశీలించారు. రాత్రి నక్షత్రశాల పగలు సూర్యుడికి పనికొచ్చింది. ఆ రోజు తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్న పెద్దలు ఈ సభలోనే ఉన్నారు.

ఆ నిజామియాలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు వేణు బప్పు. ఆ నక్షత్రశాల ఆవరణలో ఆడుకుంటూ పెరిగాడు. నిజాం కాలేజీలో చదివి అమెరికా వెళ్లాడు. 1949లో హార్వర్డులో తాను తీసిన ఫోటో పలకలో కదులుతున్న కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. దానికి ఆయన పేరు పెట్టారు. తరువాత మన దేశంలో ఖగోళ శాస్త్రానికి పెద్ద దిక్కయ్యాడు. పిల్లవాడి చేతికి అందేంత దూరంలో ఒక దుర్బీను ఉండటం ఎంత పని చేస్తుందో చూడండి.

మా పిల్లలు పోయిన చలికాలంలో చేసిన పని ఇందుకే నాకు ఇష్టం. ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశమైన నక్షత్రం అష్-షిఅరా. ఖుర్ఆన్ షరీఫ్‌లో సూరహ్ నజ్మ్‌లో దాని ప్రస్తావన ఉంది. దానికి నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఒక నక్షత్రాల గుంపు ఉంది, మెస్సియే పట్టికలో 41వది. అది సరిగ్గా హైదరాబాదు పట్టీలో పడుతుంది. అన్నారం షరీఫ్ పోయే దారిలో, పొలాల మధ్య చీకటిగా ఉన్న ఒక చోట, తల్లిదండ్రులను కూడా వెంట తీసుకుపోయి ఆ గుంపు ఫోటో తీశాం. వందేళ్ల కింద మన రాజధానిలో గాజు పలకల మీద పట్టిన ఆకాశాన్ని తొర్రూరు పిల్లలు మళ్లీ పట్టారు. ఫోటో గొప్పదని నేను అనను. మంచు పడి మధ్యలో కటకం మసకబారింది. రుమాలుతో తుడవకూడదు, గీతలు పడతాయి. గొట్టానికి అట్టతో పొడుగు మూతి చుట్టి, ఆరేదాకా కూర్చున్నాం. చివరికి చుక్కలు లెక్కపెట్టగలిగేంత బాగా వచ్చింది. ఆ ఫోటో ఆఫీసు గోడకు పెట్టాం, వెళ్లేటప్పుడు చూడండి.

ఇక రెండు సందేహాలకు జవాబు చెప్పి ముగిస్తాను. ఒక పెద్దాయన నన్ను, ఇది నజూమీల పని కాదా అని అడిగారు. కాదు. చుక్కలను చూసి జాతకం చెప్పడం వేరు, చుక్కల నడకను కొలవడం వేరు. రెండోదాన్ని మన పెద్దలు ఇల్మె హైఅత్ అన్నారు. ఖిబ్లా దిక్కు, నమాజు వేళ, రోజుల లెక్క దాని నుంచే వచ్చాయి.

రెండోది చాంద్ సంగతి. 29వ తేదీ సాయంత్రం ఈ దుర్బీనుతో చంద్రుణ్ణి పట్టి, ఫోటో తీసి పండుగ ప్రకటించవచ్చు గదా అని కుర్రవాళ్లు ఉత్సాహపడుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పండుగ నిర్ణయం రుయతె హిలాల్ కమిటీది, ఉలమాలది. గ్రూపుల్లో తిరిగే ఫోటో ఏ ఊరిదో, ఏ ఏటిదో ఎవరు చెప్పగలరు? పైగా కొత్త చంద్రుడు సూర్యుడికి చాలా దగ్గరగా ఉంటాడు. సూర్యుడు పూర్తిగా దిగకముందే టోపీ లేని దుర్బీనును ఆ వైపు తిప్పడం కంటికి చేటు. చంద్రుణ్ణి చూసి దుఆ చదువుకోవడానికి కన్ను చాలు. మర్నాడు, రెండో తేదీన, నిదానంగా ఫోటో తీసుకోండి.

ఇప్పుడు సంఘానికి నా మనవి. ఈ దుర్బీనును అమ్మకండి, ఒక్క ఏడాది గడువు ఇవ్వండి. ఒక బాధ్యులను పెట్టండి, తాళం వారి దగ్గరే ఉండాలి. నెలకు రెండు రాత్రులు, ఒకటి సగం చంద్రునికి, ఒకటి చీకటికి. ఆడపిల్లలు తల్లులతో వచ్చేందుకు వేరే ఏర్పాటు ఉండాలి, ఎందుకంటే మా బృందంలో లెక్క బాగా కుదిరేది వాళ్లకే. తెలుగు బడి, ఇంగ్లీషు బడి పిల్లలనూ, మన ఇరుగుపొరుగు హిందూ సోదరుల పిల్లలనూ రానివ్వాలి. ఆకాశానికి మీడియం లేదు. తొందర కూడా ఉంది. వరంగల్–ఖమ్మం రోడ్డు పొడుగునా తెల్లని లైట్లు పెరుగుతున్నాయి. మా డాబా మీద నుంచి రెండేళ్ల కింద కనబడిన చుక్కలు కొన్ని ఇప్పుడు కనబడటం లేదు.

పగటి పని కూడా మరువకూడదు. 2027 ఆగస్టు 2న మక్కా ముకర్రమాలో సంపూర్ణ సూర్యగ్రహణం, ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా కప్పబడతాడు. ఆ రోజుల్లో మనవాళ్లు ఎవరైనా ఉమ్రాకు వెళ్లి ఉంటే, కళ్లకు సరైన ఫిల్టరు అద్దాలు పట్టుకుపొమ్మని చెప్పండి. ఆ మాట చెప్పగలిగిన పిల్లలు మన ఇళ్లలో ఉండాలంటే ఆ టోపీ విలువ వాళ్లకు తెలియాలి.

ఏడాది తరువాత పిల్లలు ఏమీ నేర్చుకోలేదని మీకు అనిపిస్తే, అమ్మేయండి. ఆ పైసలు ఫీజుల నిధికి పోనివ్వండి, నేనే తీసుకువచ్చి బల్ల మీద పెడతాను. నేర్చుకున్నారనిపిస్తే మాత్రం ఒక మోటారు స్టాండు గురించి ఆలోచించండి. ఫీజు కట్టడం ఎంత అవసరమో, చదవాలన్న ఆశ పుట్టించడమూ అంతే అవసరం. ఫీజు పిల్లవాణ్ణి బడి గేటు దాకా తెస్తుంది. లోపలికి నడిపించేది ఆ ఆశే.

 అల్లాహ్ మన పిల్లల కళ్లను చల్లగా చూడాలని, వారి చదువులో బర్కత్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.